ముస్లిం ఇంటి ఆడపిల్ల నాయికగా కౌమార నవల: రాసేముందు ఏమేం చూసుకోవాలి?

మడతపేజీ

అందరికీ నమస్కారం. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు చదివే నవల ఒకటి మొదలుపెడుతున్నాను. నాయిక సమీనా, పద్నాలుగేళ్లు. ఊరు కర్నూలు. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, బడిలో తెలుగు మీడియం. తండ్రికి బండి సీట్లకు కవర్లు కుట్టే దుకాణం ఉంది. పదో తరగతి పరీక్షలు కాగానే మేనమామతో నిఖా ఖాయం చేస్తారు. ఆ రాత్రే పిల్ల ఇల్లు వదిలి హైదరాబాద్ రైలెక్కుతుంది, అక్కడే చదువుకుంటుంది. ఈ తరహా నవలల్లో తప్పక చదవాల్సినవి ఏవి? కథలో ఎక్కడెక్కడ పొరపాట్లు జరుగుతాయి?

ఫుప్పూజాన్

మేనమామను వెంటనే తీసేయండి. సొంత మామూతో పెళ్లి ఇస్లాంలో హరాం, ఏ ఖాజీ చదవడు. తెలుగు హిందూ ఇళ్లలో మేనమామ వరస నడుస్తుంది కాబట్టి రాసేవాళ్లకి అలవాటుగా చేతిలోకి వచ్చేస్తుంది. ముస్లిం ఇళ్లలో లెక్క వేరు. మామూ (మేనమామ) కొడుకు, ఫుప్పు (మేనత్త) కొడుకుతోపాటు చిచ్చా (బాబాయి) కొడుకు, ఖాలా (తల్లి అక్కచెల్లెలు) కొడుకు కూడా పెళ్లి వరసే. అంటే చిన్నప్పటినుంచీ ఒకే వాకిట్లో ఆడుకున్న చిచ్చా కొడుక్కి సమీనాని అడగొచ్చు. మీ హిందూ పాఠకురాలికి వాడు అన్న వరస, సమీనాకి కాదు. ఈ ఒక్క తేడా నుంచే రెండు మూడు మంచి అధ్యాయాలు పుడతాయి.

ఇంకొకటి: పాల సంబంధం. పసితనంలో ఒకే తల్లి పాలు తాగిన పిల్లల మధ్య నిఖా కుదరదు. ఖాలా పాలు తాగిన పిల్లను ఆ ఖాలా కొడుక్కి ఇవ్వరు. ఆ సంగతి ఒక్క దాదీకే (నాయనమ్మకే) తెలుసనుకోండి, కథ ఎటు తిరుగుతుందో చూడండి.

ఇసుకగడియారం

చదవాల్సినవాటిలో ముందు ‘షబాను’. సుజేన్ ఫిషర్ స్టేపుల్స్ రాసింది, 1989. మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ వచ్చింది. పాకిస్తాన్‌లోని చోలిస్తాన్ ఎడారి, ఒంటెలు కాసుకునే కుటుంబం, కొడుకుల్లేరు, ఇద్దరు కూతుళ్లు. చిన్నది షబాను, కథ మొదట్లో పదకొండేళ్లు. రచయిత్రి అమెరికన్, యూపీఐ వార్తాసంస్థ విలేకరిగా ఆసియాలో పనిచేసింది.

పెళ్లి గొడవలోకి పోకముందు ఆమె ఏం చేసిందో గమనించండి. షబాను పని చూపించింది. టోబాలో (ఎడారిలోని నీటిగుంటలో) నీళ్లెంత మిగిలాయో చూడటం, ఒంటెల్ని తోలటం. పాము కాటుకి చచ్చిపోతున్న ఒంటె కడుపులోంచి పిల్లను షబాను ఒంటరిగా బయటికి లాగుతుంది. ఆ పిల్లే మిఠూ. పన్నెండేళ్లయినా నిండని పిల్ల చేతుల్లో ఎంత నేర్పుందో అక్కడ కళ్లారా చూస్తాం. తర్వాత సిబీ సంతలో తండ్రి గులుబంద్ అనే ఒంటెను అక్క కట్నానికని అమ్మేస్తాడు. ఆ అమ్మకం ఎందుకంత కోతగా తగులుతుందంటే, అప్పటికి ఆ మంద మన మందైపోయింది.

కథ మలుపు కూడా చూడండి. భూస్వామి నజీర్ మొహమ్మద్ వేటబృందం అక్కాచెల్లెళ్ల వెంటపడుతుంది. గొడవలో అక్కకు నిశ్చయమైన హమీర్ చనిపోతాడు. షబానుకి అనుకున్న మురాద్‌ని అక్కకి చేస్తారు. రాజీకోసం షబానుని భూస్వామి అన్నకి నాలుగో భార్యగా ఇస్తామంటారు. దీన్ని నడిపిస్తున్నవి భూమి, నీళ్లు, భయం. తండ్రికి కూతురంటే ప్రాణం, అయినా ఇచ్చేస్తాడు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి కాబట్టే నవల ఇన్నేళ్లు నిలిచింది.

మీ సమీనా రైలెక్కడం చాలా తేలిగ్గా ఉంది. షబాను కూడా పారిపోతుంది. వెంటపడ్డ మిఠూ కాలు విరుగుతుంది, దాన్ని వదిలి వెళ్లలేక ఆగిపోతుంది, తండ్రి వచ్చి పట్టుకుంటాడు. పారిపోవడం ఎక్కడ ఆగిందో అక్కడే పిల్ల మనసు పూర్తిగా కనిపించింది. కథ ‘హవేలీ’ (1993), ‘ది హౌస్ ఆఫ్ జిన్’ (2008) నవలల్లో కొనసాగుతుంది.

రెండోది ‘ది బ్రెడ్‌విన్నర్’, డెబోరా ఎలిస్, 2000. తాలిబన్ల మొదటి పాలనలో కాబూల్. తండ్రిని జైల్లో వేస్తే పదకొండేళ్ల పర్వానా జుట్టు కత్తిరించుకుని, చనిపోయిన అన్న బట్టలేసుకుని, బజార్లో ఉత్తరాలు చదివిపెట్టి ఇల్లు నడుపుతుంది. దాదాపు 170 పేజీలు. నిడివి ఎంతుండాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. 2017లో యానిమేషన్ సినిమాగా వచ్చింది. సినిమా చూసి నవల చదివేశామనుకోకండి, సంఘటనలు చాలా మార్చారు.

తుంగభద్ర ఒడ్డు

ఇసుకగడియారం గారూ, రెండూ బయటివాళ్లు రాసినవే కదా. కెనడా రచయిత్రి, అమెరికా రచయిత్రి. ముస్లిం ఆడపిల్ల అనగానే ఎడారి, బుర్ఖా, బలవంతపు పెళ్లి, చివర్లో తప్పించుకోవడం. ఆ అచ్చులోనే వందల పుస్తకాలు వచ్చాయి. ఇప్పుడు తెలుగులో మనం కూడా అదే అచ్చు పోసుకోవాలా?

పక్క భాషల్లోనే లోపలివాళ్లు రాసినవి ఉన్నాయి. తమిళంలో సల్మా ‘ఇరండాం జామంగళిన్ కదై’, 2004. ఇంట్లో ఆడవాళ్లే ఆడవాళ్లకి కాపలా ఎలా కాస్తారో, రబియా అనే చిన్నపిల్లకి ఏది అర్థమవుతుందో ఏది కాదో అందులో చూడాలి. కన్నడంలో సారా అబూబకర్ ‘చంద్రగిరియ తీరదల్లి’, కాసరగోడు ప్రాంతపు నాదిరా కథ. అల్లుడిమీద పంతంతో తండ్రి తలాక్ చెప్పిస్తే కూతురి బతుకు ఏమైందో అందులో ఉంది. మలయాళంలో బషీర్ ‘ఎన్‌టుప్పుప్పాక్కొరానేండార్న్ను’, 1951. తాత ఏనుగు గొప్పలు చెప్పుకునే తల్లి, చదువురాని కుంజుపాత్తుమ్మ, పక్కింటికొచ్చిన చదువుకున్న కుటుంబం. ప్రేమ ఉంది, నవ్వు ఉంది, మార్పు కూడా ముస్లిం ఇంటినుంచే వస్తుంది.

ఇసుకగడియారం

ఒప్పుకుంటాను, కానీ ఒక్క మాట. సల్మా, సారా అబూబకర్ నవలలు పెద్దవాళ్లవి. రాసేవాళ్లు చదవాలి, పదమూడేళ్ల పిల్ల చేతిలో పెట్టేవి కావు. ‘బ్రెడ్‌విన్నర్’ పెట్టొచ్చు. బయటివాళ్లు రాశారన్నంత మాత్రాన తీసేయలేం, ఎలిస్ పాకిస్తాన్‌లోని అఫ్ఘాన్ శరణార్థి శిబిరాల్లో ఆడవాళ్లతో మాట్లాడాకే రాసింది.

నేను చూసేది ఒత్తిడి ఎక్కడినుంచి వస్తోందన్నది. పర్వానా మీద ఒత్తిడి తుపాకి పట్టుకున్న ప్రభుత్వానిది, ఇల్లు ఆమె పక్షానే ఉంది. షబాను మీద భూస్వామిది. సల్మా నవల్లో ఇంటిదీ ఊరి పెద్దలదీ. మూడుచోట్లా మతం మాట వినిపిస్తుంది, కానీ మూడుచోట్లా నిర్ణయించేవాళ్లు వేరు. సమీనా ఇంట్లో నిర్ణయం ఎవరిది? అప్పుచేసిన తండ్రిదా, దుబాయి నుంచి డబ్బు పంపే అన్నదా, దాదీదా? అది తేలకుండా ‘సంప్రదాయం’ అని రాస్తే అది గాల్లో తేలుతుంది.

లోపలివాళ్లే కౌమార పాఠకులకు రాసినవీ ఉన్నాయి. ఐషా సయీద్ ‘అమల్ అన్‌బౌండ్’ (2018) పాకిస్తాన్ పంజాబ్ పల్లెలో వెట్టిచాకిరీ గురించి. నాదియా హాషిమీ ‘వన్ హాఫ్ ఫ్రమ్ ది ఈస్ట్’ (2016) అఫ్ఘానిస్తాన్‌లో ఆడపిల్లను మగపిల్లాడిగా పెంచే బచ్చా పోష్ ఆనవాయితీ గురించి. పర్వానా వేషం ప్రాణాల మీదికొచ్చి వేసింది. హాషిమీ నాయికది ఇంట్లోవాళ్లు కలిసి తీసుకున్న నిర్ణయం. రెండూ వెంటవెంటనే చదివితే తేడా తెలుస్తుంది.

ఫుప్పూజాన్

నిఖా ఘట్టం గురించి విడిగా రాస్తాను, నవలల్లో ఎక్కువగా చెడిపోయేది అక్కడే. వధూవరులు పక్కపక్కన కూర్చుంటే ఖాజీ ఇద్దరినీ మూడేసిసార్లు ఖుబూల్ (ఒప్పుకున్నావా) అని అడుగుతాడు, పిల్ల ‘వద్దు’ అని లేచి నిలబడుతుంది. ఇది సినిమా.

మన ప్రాంతంలో మామూలుగా జరిగేది ఇదీ. మెహర్ (వరుడు వధువుకిచ్చే సొమ్ము) మొత్తం ముందే మాట్లాడుకుంటారు, ఎంత వెంటనే ఇవ్వాలి, ఎంత తర్వాత అన్నది కూడా. పెళ్లిరోజు పిల్ల ఆడవాళ్ల వైపు గదిలో ఉంటుంది. మగవాళ్లవైపునుంచి వకీల్, ఇద్దరు సాక్షులు ఆ గదికి వస్తారు. వకీల్ అంటే కోర్టు లాయరు కాదు, పిల్ల తరఫున మాట మోసే పెద్దమనిషి, ఎక్కువగా మామూనో చిచ్చానో. ఫలానావారి అబ్బాయితో, ఇంత మెహర్‌కి, నీ నిఖా చేయిస్తున్నాం, ఒప్పుకున్నావా అని అడుగుతారు. పిల్ల సంతకం పెడుతుంది. వాళ్లు మగవాళ్ల సభకి తిరిగెళ్లి చెప్పాకే ఖుత్బా (నిఖా ప్రసంగం), పెళ్లికొడుకు ఖుబూల్, దువా, ఖర్జూరాలు.

ఇక్కడ రచయితకి కావాల్సింది ఒకటుంది. మనదగ్గర ఎక్కువమంది హనఫీలు. హనఫీ శాఖ ఫిఖ్‌లో (ధర్మశాస్త్రంలో) యుక్తవయసొచ్చిన పిల్ల ఒప్పుకోనిదే నిఖా లేదు. అదే ఫిఖ్‌లో, పెళ్లికాని పిల్లను వలీ (తండ్రిలాంటి సంరక్షకుడు) అడిగినప్పుడు ఆమె మౌనాన్ని ఒప్పుదలగా తీసుకుంటారు. అంటే ఆ గదిలో సమీనాకి హక్కు ఉంది, దాన్ని వాడుకోవాలంటే నోరు తెరవాలి. చుట్టూ పాతికమంది ఆడవాళ్లు, తలమీద ఖాలా చెయ్యి, ‘సిగ్గుపడుతోంది లెండి’ అంటూ ఎవరో నవ్వడం, మోకాళ్ల మీద కాగితం, చేతిలో పెన్ను. ఆ అరనిమిషం మీద నాలుగు పేజీలు రాయండి. రైలుకన్నా అది గట్టిగా నిలుస్తుంది.

పిల్ల చిన్నతనానికి కావాలంటే బిస్మిల్లా వేడుక ఉంది: నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకి మొదటి అక్షరాలు చదివిస్తారు. ఖురాన్ పూర్తిచేసినప్పుడు ఒక వేడుక, మొదటి రోజా (ఉపవాసం) ఉన్నప్పుడు రోజా కుషాయి. ఆడపిల్ల చదువుని ఇల్లంతా పండగ చేసుకునే ఘట్టాలివి. ఇవి లేకుండా చదువు మాన్పించడం ఒక్కటే చూపిస్తే సగం ఇల్లే చూపించినట్టు.

వకీలు నోటు

నేను కోర్టు వకీల్ సంగతులు చెబుతాను. పోలీసులు షాదీఖానాకి వచ్చి ‘ఈ పెళ్లి చెల్లదు’ అనగానే అంతా అయిపోయినట్టు రాస్తుంటారు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం అలా పనిచేయదు.

జరిగిపోయిన బాల్యవివాహం దానంతటది రద్దు కాదు. మూడో సెక్షన్ కింద, పెళ్లప్పుడు మైనరుగా ఉన్న పక్షం జిల్లా కోర్టులో అడిగితే రద్దవుతుంది. మేజరయ్యాక రెండేళ్లలోపు అడగాలి, అంటే అమ్మాయికి ఇరవై నిండేలోపు. పెళ్లికి ముందైతే 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఆపుదల ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా చేస్తే అప్పుడు 14వ సెక్షన్ ప్రకారం మొదటినుంచే చెల్లదు. కాబట్టి కథలో తేదీలు ముఖ్యం. ఫిర్యాదు పిల్లల సహాయ నంబరు 1098కి వెళ్లిందా, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ వాళ్లకా, ఉత్తర్వు ఎప్పుడొచ్చింది, నిఖా ఎప్పుడు చదివారు అని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

దానికన్నా పాతది 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం. పదిహేను నిండకముందు తండ్రో మరో సంరక్షకుడో పెళ్లి చేసి ఉంటే, కాపురం జరగకపోతే, పద్దెనిమిది నిండేలోపు అమ్మాయి ఆ పెళ్లిని కాదనొచ్చు. ఖియారుల్ బులూగ్ అని ఫిఖ్‌లో ఎప్పటినుంచో ఉన్న హక్కుకి ఇది చట్టరూపం. నవలకి ఇది బంగారం, పిల్ల చేతికి సొంత సంప్రదాయమే ఆయుధం ఇస్తోంది. పదిహేను దాటిన అమ్మాయి విషయంలో ముస్లిం పర్సనల్ లా, 2006 చట్టం ఏది పైచేయి అన్నదానిమీద హైకోర్టులు రెండు రకాలుగానూ తీర్పులిచ్చాయి. అందుకని మీ జడ్జి పాత్రతో ఒక్క వాక్యంలో తేల్చించకండి.

రైలు సంగతి. పదిహేనేళ్ల పిల్ల ఒంటరిగా సికింద్రాబాద్ స్టేషన్‌లో రైల్వే పోలీసుల కంటపడితే, 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సమితి విచారించి ఇంటికైనా పంపుతుంది, బాలికల గృహంలోనైనా ఉంచుతుంది. ‘హైదరాబాద్ వెళ్లి చదువుకుంది’ అని దాటేయడానికి లేదు.

చంద్రవంక

క్యాలెండర్ గురించి. హిజ్రీ (ఇస్లామిక్) సంవత్సరం ఇంగ్లీషు క్యాలెండర్ సంవత్సరం కన్నా 10, 11 రోజులు తక్కువ. కథ మూడేళ్లు నడిస్తే రంజాన్ నెలరోజులు ముందుకి జరుగుతుంది. 2016లో రంజాన్ జూన్‌లో మొదలైంది, 2024లో మార్చి రెండో వారంలో, 2025లో మార్చి 2న. నవల్లో ప్రతి ఏడాదీ మండుటెండల్లో ఉపవాసం అని రాస్తే చదివే ముస్లిం పిల్ల అక్కడే పుస్తకం మూసేస్తుంది.

మీ కథ 2025లో పెట్టుకుంటే ఒక లాభముంది. ఆ ఏడాది పదో తరగతి పరీక్షలు మార్చి రెండో సగంలో, సరిగ్గా రంజాన్‌లో పడ్డాయి. తెల్లవారుజామున సహర్ (ఉపవాసానికి ముందు తిండి), తొమ్మిదిన్నరకి పరీక్ష, సాయంత్రం ఆరున్నరకి ఇఫ్తార్. దాదాపు 13 గంటలు నీళ్లు కూడా లేకుండా లెక్కల పరీక్ష. పక్క బెంచీ అమ్మాయి నీళ్ల సీసా తీసినప్పుడు సమీనా ఏం చేస్తుంది? ఈ పిల్ల ఎవరో చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఫుప్పూజాన్

చంద్రవంక గారు చెప్పినదానికి కలుపుతున్నాను. నెలసరి రోజుల్లో రోజా ఉండరు, నమాజ్ చదవరు. రోజాలు తర్వాత ఖజాగా, అంటే బాకీ తీర్చినట్టు, పూర్తిచేయాలి, నమాజులు అక్కర్లేదు. కాబట్టి పద్నాలుగేళ్ల నాయిక ‘ముప్పై రోజాలూ ఉంది’ అని రాస్తే ఆడపిల్లలకి వెంటనే అనుమానం వస్తుంది.

అసలు సంగతి ఇంట్లో ఉంది. నాన్న, అన్నలకి తెలియకూడదని ఆ రోజుల్లో కూడా సహర్‌కి లేచి కూర్చునే పిల్లలున్నారు. పగలు వంటింటి మూల తలుపు చాటున గబగబా రెండు ముద్దలు మింగడం, తమ్ముడు వస్తే చెయ్యి వెనక్కి దాచడం. మతం మినహాయింపు ఇచ్చింది, మొహమాటం దాన్ని దాచమంటోంది. తల్లి నోరు విప్పి ‘దానికివాళ రోజా లేదు, తిననీయండి’ అని అందరి ముందూ అనే ఒక్క వాక్యం పెడితే ఆ తల్లి ఎలాంటిదో తెలిసిపోతుంది.

మడతపేజీ

ప్రతి జవాబూ రాసి పెట్టుకున్నాను, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాటల సంగతి చెప్పండి. సంభాషణలు దక్ఖనీలో రాయాలా, తెలుగులోనా? పదకోశం వెనక పెట్టాలా?

బుధవారపేట

కథనమంతా తెలుగు. సంభాషణల్లో దక్ఖనీ ఉప్పంత. ‘హౌ’, ‘నక్కో’, ‘కైకు’, ‘క్యాజీ’ లాంటివి సందర్భంలోనే అర్థమైపోతాయి. హిందీ సినిమా ఉర్దూ మాత్రం వద్దు. కర్నూలు దాదీ ‘బేటీ, తుమ్హారీ ఇజాజత్ చాహియే’ అనదు. పేజీకి రెండు మూడు మాటలు చాలు, ఒక మాట మొదటిసారి వచ్చినప్పుడు దాని పని చూపించండి: ‘జానిమాజ్ మడిచి అల్మారాలో పెట్టింది’ అంటే అది నమాజు చాప అని పిల్లలకి తెలుస్తుంది. వెనక పదకోశం పెడితే పిల్లలు చూడరు. పైగా పక్కబెంచీలో కూర్చునే పిల్ల భాష పరాయిదన్నట్టు ఉంటుంది.

ఇంకొకటి, తెలుగు ముస్లింలందరిదీ ఒకటే ఇల్లు కాదు. దూదేకుల ఇళ్లలో చాలాచోట్ల ఇంటిభాషే తెలుగు. అమ్మ, నాన్న, అత్త అనే పిలుస్తారు. బుర్ఖా పద్ధతి కూడా ఊరినిబట్టి, ఇంటినిబట్టి మారుతుంది. సమీనాది దక్ఖనీ ఇల్లయితే అమ్మీ, అబ్బా, ఆపా (అక్క). రెండూ కలిపేస్తే మనవాళ్లు రెండో పేజీలోనే పట్టేస్తారు. వాక్యం నడకకోసం ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ చదవండి. అది కావలి, పిల్లాడి కళ్లతో. అంత దగ్గరగా ఒక ఆడపిల్ల కళ్లతో నవల రావాలని ఎన్నాళ్లనుంచో కోరుకుంటున్నాను.

ఇసుకగడియారం

నిడివి 35 నుంచి 45 వేల మాటలు, అధ్యాయం 1500 నుంచి 2000. అంతకు మించితే ఈ వయసువాళ్లు మధ్యలో వదిలేస్తారు. ‘నేను’ అని చెప్పించండి, కానీ పద్నాలుగేళ్ల పిల్లకి తెలిసినంతే చెప్పాలి. 1939 చట్టం గురించి ఆమె ఉపన్యాసం ఇస్తే అది మీ గొంతు.

మడతపేజీ

కొత్త రూపం ఇదీ. రైలు లేదు. పెళ్లికొడుకు చిచ్చా కొడుకు, ఇరవై మూడేళ్లు. చిచ్చా దగ్గర అబ్బా దుకాణానికి అప్పు తీసుకున్నాడు. నిఖా ఈద్ తర్వాత పదో రోజు, అప్పటికి సమీనాకి పదిహేను నిండి రెండు నెలలు. అరబ్బీ నేర్పే ఆపా ఖియారుల్ బులూగ్ గురించి చెబుతుంది. నిఖా గదిలో సమీనా సంతకం పెట్టదు.

వకీలు నోటు

చట్టం ప్రకారం ఆ హక్కు పదిహేను నిండకముందు జరిగిన పెళ్లికి. మీ లెక్కలో నిఖా నాటికే పదిహేను దాటింది, కాబట్టి ఆపా చెప్పేది ఇక్కడ పనికిరాదు. రెండు దారులు. నిఖా రెండేళ్ల ముందే పదమూడేళ్లప్పుడు చదివించేసి, రుఖ్సతీ (అత్తింటికి పంపడం) పదో తరగతి తర్వాత అని పెట్టుకోవచ్చు. అప్పుడు కాపురం జరగలేదు, హక్కు బతికే ఉంది. లేదా ఖియారుల్ బులూగ్ తీసేసి, ‘నీ ఒప్పుదల లేకుండా నిఖా లేదు’ అన్న మాట ఒక్కటే ఆపా చేత చెప్పించండి. నా ఓటు రెండోదానికి, మీ నిఖా గది ఘట్టం అప్పుడే నిలబడుతుంది.

ఫుప్పూజాన్

నాదీ రెండోదే. సంతకం పెట్టకపోతే సరిపోదు, పైన మౌనం గురించి చెప్పాను కదా. ‘లేదు’ అని సాక్షులకి వినపడేలా అనాలి. వకీల్‌గా చిచ్చాని పెట్టకండి, అతను పెళ్లికొడుకు తండ్రి. మామూని పెట్టండి. అప్పు చిచ్చాది, పిల్ల మాట మోసేది మామూ. అతను ఆ గదినుంచి మగవాళ్ల సభకి నడిచెళ్లి ఏం చెబుతాడన్నది మీ చివరి అధ్యాయం. రాతప్రతి పూర్తయ్యాక ముగ్గురితో చదివించండి: పదిహేనేళ్ల ముస్లిం అమ్మాయి, యాభై దాటిన ఒక ఖాలా, నిఖాలు చదివే ఒక ఖాజీ. అమ్మాయిని ఎక్కడ విసుగొచ్చిందో అడగండి, ఖాలాని ఎవరి మాట అబద్ధంగా ఉందో అడగండి, ఖాజీకి నిఖా అధ్యాయం ఒక్కటే ఇవ్వండి.